కుక్క కడుపులో నట్టలు: వాయువిడంగాల నుంచి మాత్ర దాకా



పోయిన వారం పెండ్లిమర్రి వైపు నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. పొలతల మల్లన్న గుడికి పోయి వస్తుంటే దారిలో ఒక కుక్కపిల్ల వెంట పడిందంట. ఇంటికి తెచ్చుకున్నాడు. దానికి రెండు నెలలు కూడా నిండి ఉండవు. కడుపు చూస్తే కుండలాగా ఉబ్బింది, వీపు చూస్తే ఎముకలు లెక్కపెట్టొచ్చు. పొద్దున్నే వాంతి చేసుకుంటే అందులో ఉడికిన సేమ్యా లాంటి తెల్లటి పురుగులు కనిపించాయి.

"అన్నా, మా అవ్వ వేపాకు నూరి పోద్దామంటోంది. ఫోన్‌లో ఒకాయన వెల్లుల్లి అంటాడు, ఇంకొకాయన వక్కపొడి అంటాడు. మందులు వద్దు, న్యాచురల్‌గా ఇంట్లోనే ఏం చేయాలో చెప్పన్నా" అని అడిగాడు.

నేను డాక్టర్‌ని కాదు, చరిత్ర చెప్పుకునేవాణ్ణి. అందుకే ఆ తమ్ముడికి ఆ రోజు ఒకటే చెప్పాను: "ముందు పిల్లని ఎత్తుకొని పశువుల ఆసుపత్రికి పో. కథలు తర్వాత చెప్పుకుందాం." ఇప్పుడు ఆ కథే చెప్తాను. వేపాకు, వాయువిడంగాలు, వక్క... ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఒకప్పుడు నిజంగా పని చేశాయా? చేసి ఉంటే డాక్టర్లు వాటిని ఎందుకు పక్కన పెట్టారు?

ముందు పురుగుల సంగతి

మన పల్లెల్లో గొర్రెలకీ మేకలకీ తాగించే మందుని నట్టల మందు అంటాం కదా. కుక్కలకి కూడా నట్టలు ఉంటాయి. ముఖ్యంగా మూడు రకాలు. సేమ్యాలాగా పొడుగ్గా, గుండ్రంగా ఉండేవి ఏలికపాములు. పేగుని కరిచి పట్టుకుని రక్తం పీల్చేవి కొంకిపురుగులు, ఇవి చిన్నవి. మూడోది బద్దెపురుగు. టేపులాగా పొడుగ్గా ఉంటుంది, దాని ముక్కలు తెగి కుక్క తోక కింద బియ్యపుగింజల్లాగా అంటుకుని కనిపిస్తాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఏలికపాము పిల్లలు తల్లి కుక్క ఒంట్లో దాక్కుని ఉండి, కడుపులో ఉన్న కూనల్లోకి పోతాయి. కొంకిపురుగులు తల్లి పాలల్లో వస్తాయి. అంటే కళ్లు తెరవకముందే కూనకి నట్టలు ఉండొచ్చు. "మా కుక్క బయట తిరగదు, దానికెందుకు వస్తాయి" అనే మాటకి అర్థం లేనిది ఇందుకే.

శాస్త్రంలో కుక్కకి చోటు దొరకలేదు

మన దేశంలో నట్టల వైద్యం చాలా పాతది. చరక సంహితలో విమానస్థానం ఏడో అధ్యాయం మొత్తం దాదాపు క్రిముల గురించే. ఇరవై రకాల క్రిములని లెక్క చెప్పారు. వైద్యాన్ని మూడు భాగాలు చేశారు. మొదటిది అపకర్షణం, అంటే పురుగుని లాగి బయటికి పంపడం. రెండోది ప్రకృతి విఘాతం, అంటే పురుగు బతకడానికి అనుకూలంగా ఉన్న పరిస్థితిని చెడగొట్టడం. మూడోది నిదాన పరివర్జనం, అంటే అసలు పురుగు ఎందుకు వచ్చిందో ఆ కారణాన్ని మానుకోవడం. ఈ మూడో మాటని పక్కన పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆ అధ్యాయంలో చెప్పిన మందుల్లో వంటింటి వాసన తగులుతుంది. ఆకురసంలో బియ్యప్పిండి కలిపి, నిప్పుల మీద అట్లలాగా కాల్చి తినిపించమంటారు. విడంగం అయితే మళ్లీ మళ్లీ వస్తుంది. మన మూలికల అంగళ్లలో వాయువిడంగాలు అని అమ్మే మిరియాల్లాంటి గింజలు అవే. పలాశం, అంటే మన మోదుగ చెట్టు, దాని విత్తనాలకి కూడా నట్టల మందుగా చాలా పాత పేరు ఉంది.

అయితే ఇదంతా మనుషుల కోసం రాసింది. జంతువులకి వేరే శాస్త్రాలు ఉన్నాయి. గుర్రాలకి శాలిహోత్రుడి పేరు మీద, ఏనుగులకి పాలకాప్యుడి పేరు మీద పెద్ద పెద్ద గ్రంథాలు ఉన్నాయి. ఎందుకంటే అవి రాజు సైన్యం, రాజు ఆస్తి. కుక్క మాటేమిటి? 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో వేటకుక్కలకి ఒక భాగం ఇచ్చాడు. అది కూడా రాజుగారి వినోదాల లెక్కలోనే. వీధిలో పడుకునే కుక్కకీ, గొర్రెల మంద వెంట నడిచే కుక్కకీ గుర్రం, ఏనుగుల్లాగా గ్రంథం ఏదీ రాలేదు.

మరి దానికి వైద్యం ఎవరు చేశారు? ఇంట్లో అవ్వలు చేశారు, మంద దగ్గర గొర్రెల కాపర్లు చేశారు. పిల్లోడికి నులిపురుగులు పడితే ఏం పోస్తారో అదే కుక్కకీ పోశారు. వాళ్ల చేతిలో ఉన్నది అదే. ఈ రోజు మనం కుక్కలకి ఇంటి వైద్యం అని చెప్పుకునేది చాలావరకు ఇలా మనిషి దగ్గర నుంచి అరువు తెచ్చుకున్నదే. అరువు తెచ్చుకున్నప్పుడు మందు వచ్చింది గానీ మోతాదు రాలేదు. అరవై కిలోల మనిషికి చెప్పిన లెక్క, కిలోన్నర కూనకి ఎంత? ఆ లెక్క ఎవరూ రాసి పెట్టలేదు.

మన మందులు పుస్తకాలకెక్కిన కాలం

19వ శతాబ్దంలో తెల్లదొరలు ఇక్కడి మందుల్ని సీరియస్‌గా తీసుకున్నారు. 1868లో ఎడ్వర్డ్ వేరింగ్ సంపాదకత్వంలో ఫార్మకోపియా ఆఫ్ ఇండియా అచ్చయింది. మరుసటి ఏడాది, 1869లో, మద్రాసులో పనిచేసే మొహిదీన్ షరీఫ్ అనే వైద్యుడు దానికి అనుబంధం ఒకటి తెచ్చాడు. ఒక్కో మందుకి దేశభాషల్లో ఏ పేరు ఉందో జాగ్రత్తగా పోగుచేశాడు, అందులో తెలుగు పేర్లూ ఉన్నాయి. అంగట్లో ఒక పేరు చెప్తే ఇంకో గింజ చేతిలో పెట్టే ప్రమాదం ఆయనకి బాగా తెలుసు. ఈ రోజు ఆన్‌లైన్‌లో మూలికల పొడి కొనేవాళ్లకి కూడా ఆ ప్రమాదం తప్పలేదు.

మోదుగ విత్తనాలకి అప్పటి వైద్య పుస్తకాల్లో నట్టల మందుగా చోటు దొరికింది. కుంకుమ చెట్టు అని ఒకటి ఉంది, సంస్కృతంలో కంపిల్లకం. తూర్పు కనుమల అడవుల్లో పెరుగుతుంది. దాని కాయల మీద ఎర్రటి పొడి ఉంటుంది. పట్టుకి రంగు అద్దడానికి వాడేవాళ్లు. కమలా పేరుతో అదే పొడి బద్దెపురుగుల మందుగా ఇంగ్లండు దాకా పోయింది. మనుషులకే కాదు, కుక్కలకి కూడా ఇచ్చారు.

అన్నిటికంటే పెద్ద ప్రయాణం చేసింది మాత్రం మన వక్క. తాంబూలంలో నమిలే వక్కని ఎండబెట్టి, పొడి చేసి, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో కుక్కలకి నట్టల మందుగా పోసేవాళ్లు. వేటకుక్కలు పెంచే దొరల ఇళ్లల్లో అది మామూలు సంగతి. 1888లో జర్మనీలో యాన్స్ అనే రసాయన శాస్త్రవేత్త వక్కలో పనిచేసే పదార్థాన్ని వేరుచేశాడు. దాని పేరు ఆరెకోలిన్. ఇక పొడి అవసరం లేదు, కొలిచి ఇవ్వొచ్చు.

కాబట్టి ఫోన్‌లో వక్కపొడి చెప్పినాయన గాల్లో నుంచి తీసి చెప్పలేదు. దాని వెనక నిజమైన చరిత్ర ఉంది. అయితే ఆ చరిత్రని సగంలో ఆపేశాడు. మిగతా సగం ఇప్పుడు వినండి.

గొర్రె మెదడులో ఉన్న రహస్యం

గొర్రెలు మేపేవాళ్లని అడగండి. మందలో ఒక్కోసారి ఒక గొర్రె తల పక్కకి వాల్చి, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మేత మానేస్తుంది, కొన్నాళ్లకి చచ్చిపోతుంది. ఇంగ్లీషులో దీన్ని గిడ్ అంటారు. తల కోసి చూస్తే మెదడులో నీటితిత్తి ఉంటుంది.

1850లలో జర్మనీలో కుషెన్‌మైస్టర్ అనే డాక్టర్ దీని గుట్టు బయటపెట్టాడు. కుక్క కడుపులోని బద్దెపురుగు ముక్కల్ని గొర్రెకి తినిపిస్తే గొర్రె మెదడులో తిత్తి వచ్చింది. ఆ తిత్తి ఉన్న తలకాయ కుక్క తింటే కుక్క కడుపులో మళ్లీ బద్దెపురుగు. అంటే కుక్క, గొర్రె, కుక్క, గొర్రె... చక్రం. గొర్రెని కోసి తలకాయో పేగులో కుక్కకి విసిరే చెయ్యి ఉన్నంతకాలం చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇలాంటిదే ఇంకో బద్దెపురుగు ఉంది, సెంటీమీటరు కూడా ఉండదు. దాని గుడ్లు మనిషి నోట్లోకి పోతే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు పెరుగుతాయి. హైడాటిడ్ జబ్బు అంటారు. మన రాష్ట్రంలో సర్జన్లకి ఇది కొత్తేమీ కాదు. కొన్నిసార్లు నిమ్మకాయంత, కొన్నిసార్లు కొబ్బరికాయంత తిత్తిని ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది.

ఐస్‌లాండ్, న్యూజిలాండ్ ఏం నేర్చుకున్నాయి

ఈ హైడాటిడ్ జబ్బుతో ఎక్కువ నలిగిపోయిన దేశం ఐస్‌లాండ్. గొర్రెల దేశం, ఇంటింటికీ కుక్క. 1863లో డెన్మార్క్ నుంచి హెరాల్డ్ క్రాబె అనే ఆయన వచ్చి కుక్కల్ని కోసి చూశాడు. నూటికి 28 కుక్కల్లో ఆ పురుగు కనిపించింది. ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. 1864లో దాన్ని వాళ్ల భాషలోనే అచ్చేసి జనానికి ఊరికే పంచారు. కోసిన గొర్రెలో తిత్తులు ఉంటే కుక్కకి వేయొద్దు, కాల్చండి లేదా పూడ్చండి, కుక్కతో ఒకే గిన్నెలో తినొద్దు... ఇవీ అందులోని మాటలు. అక్కడ చదువు రానివాళ్లు చాలా తక్కువ, చలికాలం రాత్రుళ్లు ఇంటిల్లిపాదీ కూర్చుని చదువుకునే అలవాటు ఉంది. తర్వాత 1890లో చట్టం కూడా వచ్చింది. 20వ శతాబ్దం సగం దాటేసరికి ఆ దేశంలో జబ్బు దాదాపు మాయమైంది.

న్యూజిలాండ్ కథ మనకి ఇంకా దగ్గర, ఎందుకంటే అందులో మన వక్క ఉంది. 1930లలో అక్కడ కుక్కల యజమానులకి ఆరెకోలిన్ మాత్రలు పంచారు, ఇంట్లో మీరే వేసుకోండి అన్నారు. అనుకున్నంత ఫలితం రాలేదు. కొందరు వేశారు, కొందరు మర్చిపోయారు. పైగా ఆ మందు పురుగుని స్పృహ తప్పించి, విరేచనంతో బయటికి తోస్తుంది. గుడ్లని చంపదు. పెరట్లో విరేచనం అయితే గుడ్లన్నీ అదే పెరట్లో.

1959లో హైడాటిడ్స్ చట్టం తెచ్చి పద్ధతి మార్చారు. ఊరి కుక్కలన్నిటినీ ఒకచోటికి తెచ్చి, ఒక తాడు వెంబడి వరసగా కట్టేసి, మనుషులు దగ్గరుండి మందు వేసి, విరేచనంలో ఏం పడిందో చూసేవాళ్లు. దానితో పాటు పచ్చి పేగులు, కాలేయాలు కుక్కలకి వేయడం నిషేధం. 2002కి వచ్చేసరికి ఆ జబ్బు తమ దేశంలో లేదని ప్రకటించుకోగలిగారు.

రెండు దేశాల్లోనూ మందు ఉంది. అయితే మందు ఒక్కటే అయితే గెలిచేవాళ్లు కాదు. కుక్క నోటికి ఏం పోతోంది, కుక్క పేడ ఎక్కడ పడుతోంది, ఈ రెండూ పట్టించుకున్నాకే గెలిచారు.

న్యాచురల్ అంటే మెత్తనిదా?

చాలామందికి ఉన్న నమ్మకం ఏంటంటే, చెట్టు నుంచి వచ్చింది హాని చేయదు, మాత్రలో ఉన్నది హాని చేస్తుంది. చరిత్ర ఈ నమ్మకానికి సపోర్ట్ ఇవ్వదు.

1920లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ మన మద్రాసు ప్రెసిడెన్సీలో కొంకిపురుగు మీద పని చేసింది. అప్పట్లో ప్రపంచమంతా వాడిన పెద్ద మందు చీనోపోడియం నూనె. అది చెట్టు నుంచి తీసిందే. మోతాదు కొంచెం ఎక్కువైతే మనుషులే చచ్చిపోయారు, ముఖ్యంగా పిల్లలు. దానికంటే మంచిది వెతుకుతూ 1921లో అమెరికాలో మారిస్ హాల్ అనే పశువైద్యుడు కుక్కల మీద కార్బన్ టెట్రాక్లోరైడ్ వాడి చూశాడు. కొంకిపురుగులు పోయాయి. తర్వాత తానే కొంచెం మింగి చూశాడు. మన తెలుగు కూలీలు కూడా ఉన్న ఫిజీ దీవుల్లో ఆ మందు వేల మందికి ఇచ్చారు. కొన్నేళ్లకి తెలిసింది, అది కాలేయాన్ని పాడు చేస్తుందని. దాన్నీ వదిలేశారు. అంటే చెట్టు మందు, రసాయనం రెండూ ఒకే పరీక్షలో ఫెయిల్ అయ్యాయి. పరీక్ష ఒకటే: పురుగు చావాలి, కుక్క బతకాలి.

ఆరెకోలిన్ కూడా ఆ పరీక్షలో పూర్తిగా పాస్ కాలేదు. చొంగ కారడం, వాంతులు, కొన్ని కుక్కలు కూలబడిపోవడం. 1970లలో ప్రాజిక్వాంటెల్ వచ్చింది. బద్దెపురుగుల్ని పేగులోనే చంపేస్తుంది, కుక్కని అంతగా ఇబ్బంది పెట్టదు. ఏలికపాములకి, కొంకిపురుగులకి 1960లలోనే పైరాంటెల్ వచ్చింది, తర్వాత ఫెన్‌బెండజోల్ వచ్చింది. వక్క పక్కకి పోవడానికి కారణం ఇదే. ఎవరో కుట్ర చేసి దాచలేదు.

ఇప్పుడు తమ్ముడు అడిగిన లిస్ట్ చూద్దాం. వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడతాయి. కొంకిపురుగులు ఇప్పటికే రక్తం తాగేసిన కూనకి వెల్లుల్లి పెడితే ఉన్న రక్తం కూడా పోతుంది. పొగాకు అయితే విషమే, దాని జోలికే పోవద్దు. ఆముదం పోస్తే విరేచనాలై చిన్న కూన నీరసించిపోతుంది. వక్క సంగతి చెప్పాను. వేపాకు, పసుపు, బొప్పాయి గింజలు, గుమ్మడి గింజలు వాటిమీద పరిశోధనలు జరుగుతున్నాయి గానీ, ఇంత బరువు కుక్కకి ఇంత వేస్తే నట్టలు పోతాయని నమ్మకంగా చెప్పే లెక్క ఇంకా లేదు. పెద్ద కుక్క అన్నంలో నాలుగు గుమ్మడి గింజలు కలిపితే నష్టం లేకపోవచ్చు. దాన్ని మందు అనుకుని అసలు మందు మానేస్తే మాత్రం నష్టమే. ఆ వారం రోజుల్లో కూన చచ్చిపోవచ్చు.

అవ్వ తప్పు చేసిందా?

లేదు. అవ్వ కాలంలో పశువైద్యం ఎంత దూరంలో ఉందో చూడండి. దక్షిణాదికి మొదటి పశువైద్య కాలేజీ 1903లో మద్రాసులో మొదలైంది. తిరుపతిలో 1955లో వచ్చింది. మన ప్రొద్దుటూరుకి వచ్చింది 2008లో. వందేళ్లకి పైగా పట్టింది చదువుకున్న పశువైద్యం మన జిల్లాలోకి నడిచి రావడానికి. అప్పటిదాకా చేతికి అందింది వేపచెట్టే. ఉన్నదానితో ప్రాణం కాపాడాలని చూసింది, అది ప్రేమ. ఇప్పుడు మాత్ర అందుబాటులో ఉంది. ఇప్పుడు కూడా వేపాకు దగ్గరే ఆగిపోతే తప్పు మనది.

ఇక పక్కన పెట్టుకోమన్న మూడో మాట, నిదాన పరివర్జనం. కారణాన్ని మానుకోవడం. నిజమైన ఇంటి వైద్యం ఇదే ఫ్రెండ్స్, దీనికి డాక్టర్ కూడా అక్కర్లేదు. కుక్క దొడ్డికి పోయింది ఎప్పటికప్పుడు ఎత్తి పూడ్చేయండి. ఎందుకంటే ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, ఆ మట్టిలోనే మన పిల్లలు ఆడుకుంటారు. జాతరకో పండక్కో పొట్టేలు కోస్తే పచ్చి పేగులు, తలకాయ, తిత్తులున్న కాలేయం కుక్కలకి విసరొద్దు, లోతుగా గుంట తీసి పూడ్చండి. కుక్కని ముట్టుకున్నాక అన్నం తినే ముందు చేతులు కడుక్కోండి. బొచ్చులో గెంతే ఫ్లీ పురుగుల్ని కూడా వదిలించండి, ఒక రకం బద్దెపురుగు వాటి ద్వారానే వస్తుంది. కూనలకి రెండు వారాల వయసు నుంచే, రెండు వారాలకోసారి మందు మొదలుపెట్టాలి, తల్లికి కూడా వేయాలి. ఏ మందు, ఎంత అనేది డాక్టర్ బరువు చూసి చెప్తాడు.

పెండ్లిమర్రి తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజే ఆసుపత్రికి పోయాడు. బరువు తూచి మందు వేశారు, రెండు వారాలకి మళ్లీ రమ్మన్నారు. నిన్న వీడియో పంపాడు. కడుపు లోపలికి పోయింది, అవ్వ చీరకొంగు పట్టుకుని లాగుతోంది. అవ్వ ఏమో "నా వేపాకు పోసింటే రెండు రోజులు ముందే లేచేది" అంటోంది. తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. పెరట్లో మాత్రం గుంట తీసి, పక్కన పార పెట్టాడు. అవ్వే రోజూ ఎత్తి పూడుస్తోందంట.

మీ ఇంట్లో, మీ మంద దగ్గర పెద్దవాళ్లు కుక్కలకి ఏం మందు పోసేవాళ్లో అడిగి కామెంట్‌లో రాయండి. వాడటానికి కాదు, మర్చిపోకుండా రాసి పెట్టుకోవడానికి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.